నేటాల్ వెళ్ళిన ముత్తాత తమ్ముడి జాడ: పేరుతో కాదు, నంబరుతో వెతకండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీ ముత్తాతగారి తమ్ముడు అప్పలస్వామి 1900 ప్రాంతంలో ఎలమంచిలి పక్క ఊరి నుంచి ‘నేటాలు’ వెళ్ళారు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత కబురు లేదు. ఆ ఉత్తరాలూ ఇప్పుడు లేవు. ఆయన ఎక్కడ పనిచేశారు, ఏమయ్యారు, అక్కడ పిల్లలు ఉన్నారా అన్నది తెలుసుకునే దారి ఏమైనా ఉందా, డీఎన్ఏ పరీక్ష పనికొస్తుందా అని అడిగారు.

దారి ఉందండి. పైగా, ఊళ్ళోనే ఉండిపోయిన మీ ముత్తాతగారి కన్నా ఊరు వదిలిన ఆయన తమ్ముడి గురించే ఎక్కువ వివరాలు దొరకొచ్చు. ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న మనిషి పేరు శిస్తు కట్టినప్పుడో, పొలం అమ్మినప్పుడో, కోర్టుకెక్కినప్పుడో తప్ప కాగితం మీదికి ఎక్కేది కాదు. కూలి ఒప్పందం మీద ఓడెక్కినవాణ్ణి మాత్రం తండ్రి పేరు నుంచి ఒంటి మీది మచ్చల దాకా రాసుకున్నారు. పారిపోతే పట్టుకోవడానికి, యజమానికి లెక్క అప్పజెప్పడానికి రాసుకున్న రాతలవి. వాటిలోంచే మన మనిషిని మనం వెతికి తీసుకోవాలి.

ఇలాంటి కుటుంబాలకు చాలాకాలంగా సాయం చేస్తున్నాను. దాదాపు అందరూ ముందు పేరుతో వెతకడం మొదలుపెడతారు, అక్కడే చిక్కుకుపోతారు. నేను చెప్పేది ఒకటే: తండ్రి పేరు, ఊరు, తాలూకా – ఈ మూడింటినీ ఆసరా చేసుకుని ఆయన వలస నంబరు పట్టుకోండి. నంబరు చేతికొస్తే మిగతా జీవితం దాని వెంటే వస్తుంది.

ముందు కాస్త నేపథ్యం. నేటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నేటాల్. చెరకు తోటల్లో పనికి మన కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. 1866లో ఈ వలస ఆగి, 1874లో మళ్ళీ మొదలై, 1911లో పూర్తిగా ఆగిపోయింది. మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది మద్రాసు మీదుగా వెళ్ళినవాళ్ళే. తమిళులు ఎక్కువ, తర్వాత మన తెలుగువాళ్ళు. ఉత్తర కోస్తా నుంచి, అటు ఉత్తర ఆర్కాటు నుంచి వేలాదిగా వెళ్ళారు. ఓడ దిగిన ప్రతి ఒక్కరికీ ఒక వలస నంబరు ఇచ్చారు. ఓడ మారినా నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలవలేదు, వరసగా సాగాయి. 1866 నాటికి 6,445 మంది దిగారు కాబట్టి అంతకు మించిన నంబరు కనబడితే ఆ మనిషి 1874 తర్వాత వెళ్ళినవాడని కాగితం తిరగెయ్యకుండానే చెప్పొచ్చు.

ఇక పని ఇంట్లోనే మొదలుపెట్టాలి. మొదటి సందేహం: ఆయన వెళ్ళింది నిజంగా నేటాలేనా? మీ వైపు ఊళ్ళల్లో సముద్రం దాటినవాళ్ళలో చాలామంది రంగం, అంటే రంగూన్ వెళ్ళారు. కొందరు మోరిస్, అంటే మారిషస్ వెళ్ళారు. రెండు మూడు తరాలు గడిచాక ఇంట్లో ఈ పేర్లు కలగాపులగం అయిపోతాయి. రంగం అయితే దారి పూర్తిగా వేరు. బర్మాకు మేస్త్రీల చేతి మీదుగా, అడ్వాన్సులు తీసుకుని, స్టీమరు టిక్కెట్టు మీద పోయేవాళ్ళు. నేటాల్ తరహాలో మనిషికో వరుస రాసిన జాబితాలు అక్కడ ఆశించలేం. మారిషస్ అయితే అదృష్టమే. అక్కడి వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి కూలీల ఫొటోలు కూడా తీశారు. ఫిజీకి మన దక్షిణాది వాళ్ళను తీసుకెళ్ళడం 1903లో గాని మొదలవలేదు. కాబట్టి అంతకుముందే వెళ్ళిపోయాడని ఇంట్లో గట్టిగా చెప్పుకుంటే ఫిజీని పక్కన పెట్టెయ్యొచ్చు.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు “ఏ సంవత్సరంలో వెళ్ళాడు?” అని అడగకండి. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, మీ మీద గౌరవం కొద్దీ ఏదో ఒకటి చెప్పేస్తారు. ఇంట్లో జరిగినవాటి మీద అడగండి. తాత పుట్టేటప్పటికి ఆయన ఊళ్ళో ఉన్నాడా? ఫలానా మేనత్త పెళ్ళికి ఉన్నాడా? ఒక్కడే వెళ్ళాడా, పక్క వీధివాళ్ళు ఎవరైనా కలిసి వెళ్ళారా? అప్పటికే పెళ్ళయితే, ఆవిడ పసుపు కుంకుమలు ఎప్పటిదాకా ఉంచుకుంది? ఈ చివరి ప్రశ్న అడగడం కష్టమే, కానీ దాని జవాబు చాలా విలువైనది. చావు కబురు వచ్చిందా, వస్తే ఇంచుమించు ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. కబురే రాకపోతే కొన్ని కుటుంబాల్లో పన్నెండేళ్ళు ఎదురుచూసి అప్పుడు కర్మ చేసేవారు. ఆ కర్మ ఎవరు చేశారో, దానికి ఎవరు వచ్చారో ఇంటి ఆడపడుచుల కుటుంబాల్లో గుర్తు ఉంటుంది. నా అనుభవంలో మగవాళ్ళ కన్నా వేరే ఊరికి కోడళ్ళుగా వెళ్ళిన ఆడపడుచుల సంతానం దగ్గరే ఇలాంటి సంగతులు చెక్కుచెదరకుండా ఉంటాయి. పుట్టింటి కథలను వాళ్ళు దాచుకున్నట్టు ఇంకెవరూ దాచుకోరు.

ఇప్పుడు పేరు సంగతి. సింహాచలం అప్పన్న కొలువున్న ప్రాంతం మీది. అప్పన్న, అప్పయ్య, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలమ్మ లేని ఇల్లు ఉండదు. ఒక్క ఓడలోనే ఆ పేర్లవాళ్ళు ఎందరో తగులుతారు. దానికి తోడు, ఓడెక్కే ముందు కూలీలను ఉంచే మద్రాసు డిపోలో గుమస్తా చెవికి వినబడింది వినబడినట్టు ఇంగ్లీషులో రాసేవాడు. అప్పలస్వామి ఒకచోట ‘అపల్‌సామి’ అవుతాడు, మరోచోట ‘అప్పుల్‌సామీ’, ఇంకోచోట ఉత్త ‘అప్పడు’. అందుకని పూర్తి పేరు టైపు చేసి ఏమీ రాలేదని నిరాశపడొద్దు. మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకండి, తర్వాత తాలూకాతో వడకట్టండి.

ఇంటిపేరు ఆ జాబితాల్లో మామూలుగా ఉండదు. మనకు మనిషిని గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు ఇంటిపేరే, వాళ్ళ ఫారంలో మాత్రం దానికి గడే లేదు. ఉన్న గడులు ఇవీ: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు. దానితోపాటు ఎవరి దగ్గర పనికి పెట్టారన్నదీ ఉంటుంది. అందుకే తండ్రి పేరు అంత ముఖ్యం. మీ ముత్తాతగారి తండ్రి పేరు మీకు తెలుసా? తెలియకపోతే దక్షిణాఫ్రికా జాబితాల జోలికి వెళ్ళకముందు దాన్ని ఇక్కడ తేల్చుకోవాలి. ముత్తాతగారి పేరు మీద ఏ పాత దస్తావేజు ఉన్నా అందులో “ఫలానా వారి కుమారుడు” అని రాసి ఉంటుంది. అన్నదమ్ములిద్దరికీ తండ్రి ఒక్కడే కదా, అన్న దస్తావేజు తమ్ముడి ఆచూకీకి తాళంచెవి.

తాలూకా దగ్గర చాలామంది పొరబడతారు. ఇప్పటి జిల్లాల మ్యాపు పట్టుకుని అప్పటి జాబితా చదవకూడదు. మీ ఎలమంచిలి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో సర్వసిద్ధి తాలూకాకు కేంద్రం. కాబట్టి జాబితాలో మీరు వెతకాల్సిన తాలూకా ‘ఎలమంచిలి’ కాదు, ‘సర్వసిద్ధి’. నర్సీపట్నం వైపు ఊళ్ళయితే ‘గోలుగొండ’ తాలూకా. శ్రీకాకుళాన్ని ‘చికకోల్’ అని రాసేవారు. అది 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది, ఆ ఏడాది ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖ జిల్లాలోకి వచ్చింది, 1950లో సొంత జిల్లా అయింది. కాబట్టి జాబితాలో ‘గంజాం’ అని కనబడగానే ఒడియావాళ్ళని వదిలెయ్యకండి. ఇది చదివే మిగతావాళ్ళ కోసం కూడా చెబుతున్నాను: చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, నేటాల్ ఓడలు ఆగింది కూడా ఆ ఏడాదే. కాబట్టి చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళను ‘ఉత్తర ఆర్కాటు’ కింద వెతకాలి. గుంటూరు 1904లో జిల్లా అయింది. అంతకుముందు ఓడెక్కిన గుంటూరువాళ్ళు కృష్ణా జిల్లా కింద ఉంటారు. భీమునిపట్నం ‘బిమ్లీపటం’, కాకినాడ ‘కోకనాడ’, మచిలీపట్నం ‘మసులిపటం’.

ఊరి పేరు ఇంకో చిక్కు. సగం ఊళ్ళ పేర్ల చివర పాలెం, పేట, వలస, పురం ఉంటాయి. గుమస్తా వాటిని ఇష్టమొచ్చినట్టు కత్తిరించేవాడు. మీ ఊరికి శివారు గ్రామాలు ఏవేవి, అప్పటి రెవెన్యూ గ్రామం పేరేమిటి, ఊళ్ళోవాళ్ళు వాడుకలో ఏమని పిలిచేవారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. శివారు గ్రామం మనిషి రెవెన్యూ గ్రామం పేరు చెప్పి ఉండొచ్చు, పెద్ద ఊరి పేరూ చెప్పి ఉండొచ్చు.

ఓడల జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. దర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ జాబితాల విషయంలో మొదటి చిరునామా. అసలు రిజిస్టర్లు, వలస శాఖ కాగితాలు అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కంప్యూటర్లో దొరికిన వరుసతో సరిపెట్టుకోవద్దు. చేతిరాత చదివి టైపు చేసినవాళ్ళకు మన ఊళ్ళ పేర్లు తెలియవు. ఒక ఇంగ్లీషు అక్షరాన్ని ఇంకోటి అనుకుని ఉండొచ్చు, తండ్రి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి ఉండొచ్చు. అసలు పేజీ ఫొటో సంపాదించి మీ కళ్ళతో మీరు చదవండి. ఊరి పేరు తెలిసిన మీకు కనబడేది వాళ్ళకు కనబడదు.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఇది నేను ఉదాహరణకు కల్పించి రాస్తున్నది, నిజమైన ఎంట్రీ కాదు. పేరు అపల్‌సామి, తండ్రి సూరి, వయసు 22, కులం కాపు, జిల్లా విజగపటం, తాలూకా సర్వసిద్ధి, ఊరు ‘రామపల్లం’, గుర్తు ‘ఎడమ మోకాలి కింద గాయం మచ్చ’. మీకు తెలిసిన తండ్రి పేరు సూరయ్య, ఊరు రామన్నపాలెం అనుకోండి. సూరి, సూరయ్య ఒకటే కావచ్చు. రామపల్లం, రామన్నపాలెం ఒకటే కావచ్చు. ‘కావచ్చు’ పక్కన ‘కావచ్చు’ పెట్టి ‘అవును’ అనేసుకోకూడదు. వయసును అసలు నమ్మొద్దు. ఎవరి వయసు వాళ్ళకు సరిగా తెలియని రోజులు, పైగా పనికి పనికొచ్చే వయసు చెప్పమని రిక్రూటర్లు నేర్పించి పంపేవాళ్ళు. కులం కూడా గుమస్తా రాసినదే. మరి ఏది నమ్మాలి?

ఆ వరుసకు పైనా కిందా ఉన్న నంబర్లు చూడండి. ఎక్కువమంది దాటిపోయేది ఇక్కడే, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిందీ ఇదే. రిక్రూటర్ ఒక చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులను గుంపుగా పోగుచేసి మద్రాసు డిపోకు తెచ్చేవాడు. ఒకే ఊరివాళ్ళు, బావామరుదులు, అప్పుల బాధతో కలిసి బయలుదేరిన స్నేహితులు ఒకే ఓడలో, తరచుగా పక్కపక్క నంబర్లతో దిగేవాళ్ళు. మీ ఇంట్లో “పక్క వీధి ఫలానా వాళ్ళ అబ్బాయితో కలిసి వెళ్ళాడు” అని చెప్పుకుని, రెండు నంబర్ల అవతల అదే ఊరి పేరుతో ఆ అబ్బాయి పేరు కనబడిందా, ఇక అనుమానం అక్కర్లేదు. తండ్రి పేరు, ఊరు, తోడు వెళ్ళినవాళ్ళు – ఈ మూడూ కలిస్తేనే ‘ఈయనే’ అనండి. రెండే కలిస్తే పెన్సిల్‌తో రాసి ఉంచుకోండి. ఇంట్లో గొడవపడో, అప్పులవాళ్ళను తప్పించుకునో వెళ్ళినవాడైతే దొంగపేరు చెప్పి ఉండే అవకాశమూ ఉంది. అప్పుడు పేరు కలవకపోయినా ఊరు, తోటివాళ్ళు, ఒంటి మీది మచ్చ పట్టిస్తాయి. మచ్చ సంగతి ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో అడిగి చూడండి. ఎడ్లబండి కింద పడ్డాడనో, చిన్నప్పుడు వాతలు పెట్టారనో కథ మిగిలి ఉంటుంది.

నంబరు దొరికాక ఆయన జీవితాన్ని తేదీల్లో పెట్టొచ్చు. ఒప్పందం ఐదేళ్ళు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఏడాదికో షిల్లింగు పెరిగి ఐదో ఏడు 14 షిల్లింగులు. తిండి గింజలు, ఉండటానికి బారక్ యజమానివే. జాబితాలోని యజమాని పేరును బట్టి పని తెలుస్తుంది. కోస్తా వెంబడి చెరకు తోటలు, ఉత్తరాన బొగ్గు గనులు, నేటాల్ ప్రభుత్వ రైల్వే, దర్బన్ మున్సిపాలిటీ, కొన్నిచోట్ల తేయాకు తోటలు. ఆయన 1901లో దిగారనుకుంటే 1906లో గడువు తీరింది. అక్కడే అసలు ఇరకాటం. 1895 నాటి చట్టం ప్రకారం గడువు తీరిన కూలీ ముందు మూడే దారులు: ఇండియాకి తిరిగి వెళ్ళిపోవడం, మళ్ళీ ఒప్పందానికి వేలిముద్ర వెయ్యడం, లేదా స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టడం. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల మనిషికి అది నాలుగు నెలల జీతం పైమాటే. 1903లో దాన్ని పిల్లలకూ వర్తింపజేశారు: 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకు, 13 దాటిన ఆడపిల్లలకు. 1914లో గాని అది రద్దు కాలేదు. గాంధీగారి నాయకత్వంలో 1913 చివర బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో మనవాళ్ళు సమ్మెకు దిగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో “ఉత్తరాలు రాయడం మానేశాడు, మమ్మల్ని మర్చిపోయాడు” అనే నిష్ఠూరం తరతరాలుగా ఉండి ఉంటుంది. ఆ ఏళ్ళలో ఆయన చేతిలో ఏం మిగిలేదో లెక్కవేసి చూడండి. చదువు రానివాడు ఉత్తరం రాయించుకోవాలన్నా, డబ్బు పంపాలన్నా ఎంత కష్టమో అర్థమవుతుంది. తేదీలు, జీతాలు పక్కపక్కన పెడితే మనిషి మీద కోపం పోయి మనిషి కనబడతాడు.

పెళ్ళి, పిల్లల గురించి వెతికేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. మన పద్ధతిలో జరిగిన పెళ్ళికి అక్కడ దానంతట అది చట్టం ముందు విలువ ఉండేది కాదు. వలస వ్యవహారాలు చూసే ప్రొటెక్టర్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. నమోదు చేయించుకోని జంటలు ఎందరో. 1913లో మన పద్ధతి పెళ్ళిళ్ళు చెల్లవన్న కేప్ కోర్టు తీర్పుతో ఈ పెళ్ళిళ్ళ గొడవ మరీ ముదిరింది, 1914 చట్టంతో కొంత సర్దుబాటు అయింది. కాబట్టి పెళ్ళి కాగితం దొరకలేదంటే పెళ్ళి కాలేదని కాదు. పిల్లల పుట్టుక నమోదులో తల్లిదండ్రుల వలస నంబర్లు రాసిన సందర్భాలు ఉన్నాయి. నంబరు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పేరు ఎన్ని వంకర్లు పోయినా నంబరు మారదు.

ఆయన పిల్లల ఇంటిపేరు మీ ఇంటిపేరు అయి ఉంటుందని ఆశపడకండి. అక్కడ తండ్రి పేరో, కులాన్ని సూచించే బిరుదో పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అప్పలస్వామి పిల్లలకు అప్పల్‌సామీ ఇంటిపేరు అయి ఉండొచ్చు, నాయుడూ అయి ఉండొచ్చు. దక్షిణాఫ్రికాలో నాయుడూలు లెక్కలేనంత మంది, వాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేం.

మరణం దగ్గర మంచి కాగితం దొరుకుతుంది. అక్కడ కాస్తో కూస్తో ఆస్తి ఉన్నవాళ్ళు చనిపోతే వారసుల వ్యవహారం కోర్టు పరిధిలోని ‘మాస్టర్’ ఆఫీసు చూసేది. అప్పుడు నింపే మరణ ప్రకటన ఫారంలో చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య, పిల్లలందరి పేర్లు రాయాలి. వంశవృక్షం గీసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి! దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ సూచికలో ఇలాంటి ఎస్టేట్ ఫైళ్ళ, అంటే చనిపోయినవారి ఆస్తి ఫైళ్ళ, పేర్లు వెతకొచ్చు. నేటాల్ మరణ రిజిస్టర్లు, ఎస్టేట్ కాగితాల ఫొటోలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉన్నాయి. ఖాతా ఉచితం. కూలీగానే చిన్నవయసులో పోతే ఈ ఫైలు ఉండదు. ఆ సందర్భంలో ఓడ జాబితాలోనే పక్కన మరణం సంగతి రాసి ఉందేమో చూడండి. తిరిగి ఇండియా వెళ్ళినా అక్కడే ఓడ పేరుతో రాసిన ఎంట్రీలు ఉన్నాయి.

అవును, తిరిగి వచ్చి ఉండొచ్చు కూడా. వలస వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు. 1927 కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత పెద్దవాళ్ళకు మనిషికి 20 పౌండ్లు ఇచ్చి మరీ పంపేశారు. తిరిగొచ్చినవాళ్ళందరూ సొంత ఊరు చేరలేదు. కులం కట్టుబాట్లు, చేతిలో డబ్బు లేకపోవడం, అక్కడ వేరే కులం మనిషిని పెళ్ళాడటం, వీటివల్ల మద్రాసులోనే ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. ఓడ జాబితాలో ‘తిరుగు ప్రయాణం’ అని కనబడి, ఊళ్ళో ఆయన వచ్చిన జ్ఞాపకం ఎవరికీ లేకపోతే మనసుకు కష్టంగానే ఉంటుంది. దానికీ సిద్ధపడి ఉండండి.

ఇప్పుడు మన ఊరి కాగితాలు. వీటిని చిన్నచూపు చూడకండి. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు ఎప్పుడు జరిగాయో పట్టుకోండి. ఆ దస్తావేజులో తమ్ముడి వాటా ఏమైందన్నది తప్పక ఉండాలి. దేశాంతరం పోయాడని రాశారా, చనిపోయాడని రాశారా, ఆయన భార్యకు భుక్తి కింద ఏమైనా ఇచ్చారా, లేక ఆయన ఊసే లేకుండా ఉన్నవాళ్ళే పంచుకున్నారా? ఊసే లేకపోవడం కూడా ఒక సమాచారమే. అప్పటికి ఆయన రాడని ఇంట్లో నిర్ణయానికి వచ్చేశారన్నమాట. రిజిస్టరైన దస్తావేజయితే ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండేదో కనుక్కుని అక్కడ వెతికించండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఈసీలు (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తాయి. అంతకుముందువాటికి ఆఫీసులోనే పాత ఇండెక్సులు తిప్పించాలి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సును ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. “మీకేం సంబంధం?” అని అడిగితే టెన్షన్ పడకుండా మర్యాదగా ఆ సెక్షన్ సంగతి చెప్పండి. పేర్ల ఇండెక్సు, ఆస్తి ఇండెక్సు వేరువేరుగా ఉంటాయి. సర్వే నంబరు తెలిస్తే రెండోది సులువు.

సర్వసిద్ధి ప్రభుత్వ తాలూకా కావడం మీకు కలిసొచ్చింది. అక్కడ రైతువారీ గ్రామాల్లో, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే గ్రామాల్లో, శిస్తు ఖరారు చేసిన సెటిల్మెంటు రిజిస్టర్లు పాతకాలానివి ఉంటాయి. పట్టాదారు పేరు, సర్వే నంబరు వాటిలో తేలతాయి. జమీందారీ గ్రామాలైతే పరిస్థితి వేరు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వేలతోనే ప్రభుత్వం దగ్గర రైతువారీగా పేర్లు వచ్చాయి. అంతకుముందువి జమీందారు కచేరీ కాగితాలు. జనాభా లెక్కల జోలికి మాత్రం వెళ్ళి టైం వృథా చేసుకోకండి. మనుషుల పేర్లున్న ఆ ఫారాలను చూడటానికి మన చట్టం ఒప్పుకోదు.

డీఎన్ఏ పరీక్ష గురించి కూడా అడిగారు. మీకూ, అక్కడ ఆయన మునిమనవలకూ ఉమ్మడి పూర్వీకులు మీ ముత్తాతగారి తల్లిదండ్రులు. అంత దూరపు చుట్టరికంలో పదిమందిలో ఒకరికి ఉమ్మడి డీఎన్ఏ అసలు కనబడకపోవచ్చు. అందుకని మీరు చేయించుకోవడం కన్నా ఇంట్లో బతికున్న పెద్ద తరంవారితో చేయించడం మేలు. ఇంకో మెలిక మన మేనరికాలు. తరతరాలుగా మేనమామ పిల్లలను, మేనత్త పిల్లలను చేసుకున్న కుటుంబాల్లో ఇద్దరి మధ్య డీఎన్ఏ పోలిక ఉన్న చుట్టరికం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కంపెనీ రిపోర్టు ‘దగ్గరి బంధువు’ అన్నా అది ఐదారు తరాల కిందటి సంబంధం కావచ్చు. కాగితాలతో ఒక వంశం దాకా వచ్చాక నిర్ధారణ కోసం వాడుకోండి, దానితోనే మొదలుపెట్టకండి.

చివరగా, అక్కడివాళ్ళను కలుసుకోవడం. దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్ళ సంఘం ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. తమ మూలాలు వెతుక్కునేవాళ్ళు అక్కడా చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర నంబరు ఉంటుంది, ఊరి పేరు చదవడం రాదు. మీ దగ్గర ఊరు ఉంది, నంబరు లేదు. మొదటి ఉత్తరంలో ఓడ పేరు, వలస నంబరు, తండ్రి పేరు, ఊరి పేరు ఎలా పలకాలో రాయండి, అసలు పేజీ ఫొటో జత చెయ్యండి. వాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చు, ఇంగ్లీషులోనే రాయండి. పొలాల ప్రస్తావన అసలు తేవద్దు. తేవడంతోనే వాళ్ళు ‘మన వాటా ఉందేమో’ అనో, మీ ఇంట్లోవాళ్ళు ‘వాటాకి వస్తారేమో’ అనో మొదలుపెడతారు, చుట్టరికం కలవకముందే చెడుతుంది. ఈ మాట ముందే మీ అన్నదమ్ములకూ, పినతండ్రి పిల్లలకూ చెప్పి ఉంచండి. ముత్తాతగారి తండ్రి పేరు, మీ ఊరి శివారు గ్రామాల పేర్లు, కలిసి వెళ్ళారని చెప్పుకునేవాళ్ళ పేర్లు సిద్ధం చేసుకుని ఇక్కడే రాయండి. జాబితాలో వరుసలు వడకట్టడం కలిసి చేద్దాం.